నొప్పుల మధ్య సంతకం వద్దు

మీ ఇంట్లోనో, పక్కింట్లోనో తొలిచూలు ఆడపిల్ల ఉంటే ఈ మాట ఆమెకు నొప్పులు మొదలయ్యేలోపే చేరాలి. కాన్పుకని ఆసుపత్రిలో ఉండే ఆ నాలుగు రోజుల్లోనే ఆమె మిగతా సంతాన జీవితమంతా ఖరారైపోతోంది. బిడ్డను ఎలా కనాలి, మళ్లీ ఎప్పుడు కనాలి, అసలు కనాలా వద్దా... మూడింటికీ జవాబులు చుట్టూ ఉన్నవాళ్లే చెప్పేస్తున్నారు. ఆమె పెట్టాల్సింది సంతకం మాత్రమే.

తెలుగునాట ఈ దారి అందరికీ తెలిసిందే. తొలి కాన్పు పెద్దాపరేషన్. మొదటిది ఆపరేషన్ కాబట్టి రెండోదీ ఆపరేషనే. ఎలాగూ పొట్ట కోశారు కదా, పనిలో పనిగా పిల్లల ఆపరేషన్ కూడా కానిచ్చేయండంటే బల్లమీదే ట్యూబెక్టమీ. అప్పటికి ఆ పిల్లకు పాతికేళ్లు నిండి ఉంటే ఎక్కువ. కొన్నేళ్లకు నడుంనొప్పి, తెల్లబట్ట, నెలసరి గోల మొదలవుతాయి. పిల్లలు ఎలాగూ వద్దు కదా, ఆ సంచి ఇంకెందుకన్న సలహా వస్తుంది. గర్భసంచి తీసేస్తారు. అందరూ ఈ నాలుగు మెట్లూ ఎక్కరు, నిజమే. ఎక్కినవాళ్లను కూర్చోబెట్టి అడిగి చూడండి: ఫలానా మెట్టు దగ్గర ‘నీ ఇష్టమేంటమ్మా’ అని తనను అడిగారని చెప్పగలిగేవాళ్లు ఎంతమంది తేలతారో.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో నూటికి 21.5 కాన్పులు సిజేరియన్లు. ఆంధ్రప్రదేశ్‌లో అవి 42.4. తెలంగాణలో 60.7. తెలంగాణ ప్రైవేటు ఆసుపత్రులు మాత్రమే తీసుకుంటే 81.5. అంటే ఆ గుమ్మం తొక్కిన అయిదుగురిలో నలుగురు కుట్లతో ఇంటికెళ్లారు. సర్కారు దవాఖానాల్లోనూ 44.5 ఉంది కాబట్టి, ఇదంతా ప్రైవేటువాళ్ల డబ్బు యావ అని చేతులు దులుపుకోవడానికి వీల్లేదు. ఇక కుటుంబ నియంత్రణ సంగతి. పెళ్లయి సంతాన వయసులో ఉన్న ఆడవాళ్లలో ఆపరేషన్ చేయించుకున్నవారు దేశంలో 37.9 శాతమైతే, తెలంగాణలో 61.9, ఆంధ్రప్రదేశ్‌లో 69.6. మగవాళ్ల వేసెక్టమీ దేశం మొత్తం మీద 0.3 శాతం. గర్భసంచి తీయించుకున్నవారు దేశంలో 3 శాతం దగ్గర ఉండగా మన రెండు రాష్ట్రాల్లో 8 శాతం దాటారు. ఈ మూడు లెక్కలనూ మన అధికారులు మూడు వేర్వేరు ఫైళ్లలో చూస్తారు. ఆడపిల్ల బతుకులో అవి ఒకే వరసలో వస్తాయి.

ఆసుపత్రి కాన్పులు మనకు చేసిన మేలు చిన్నది కాదు, అది కాదంటే కళ్లు పోతాయి. 2018-20 నమూనా రిజిస్ట్రేషన్ లెక్కల్లో సజీవంగా పుట్టిన ప్రతి లక్ష మంది బిడ్డలకు తల్లుల మరణాలు దేశంలో 97 కాగా తెలంగాణలో 43, ఆంధ్రప్రదేశ్‌లో 45. మంత్రసాని చేతిలో, ఎడ్లబండి మీద ప్రాణాలు పోయిన రోజులు మన అమ్మమ్మలకు గుర్తే. ఇప్పుడు నూటికి 96, 97 కాన్పులు ఆసుపత్రుల్లోనే జరుగుతున్నాయి. సిజేరియన్ అవసరమైన చోట దానికి మించిన వరం లేదు. మాయ అడ్డం పడ్డా, బిడ్డ అడ్డం తిరిగినా, బొడ్డుతాడు జారి ముందుకొచ్చినా డాక్టరు కత్తి పట్టాల్సిందే. అప్పుడు వద్దని మొండికేసే బంధువులు ఆ పిల్ల పాలిట యముళ్లు. ఈ వ్యాసం చదివి ఆ పని ఎవరూ చేయకండి. అయితే అయిదుగురిలో నలుగురికి మాయ అడ్డం పడదు. సిజేరియన్లు 10 శాతం దాటి పెరిగిన కొద్దీ జనాభా మొత్తం మీద తల్లీబిడ్డల మరణాలు ఇంకా తగ్గుతాయనడానికి ఆధారం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లోనే చెప్పింది.

అసలు ప్రమాదం తొలి కాన్పులో ఉంది. ఆసుపత్రుల సిజేరియన్లను పది గుంపులుగా విడగొట్టి చూసే పద్ధతి ఒకటుంది. రాబ్సన్ వర్గీకరణ అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసింది కూడా దాన్నే. నెలలు నిండి, ఒకే బిడ్డ, తల కిందికి ఉన్న తొలిచూలు తల్లులు అందులో మొదటి రెండు గుంపులు. పాత సిజేరియన్ ఉన్నవాళ్లది అయిదో గుంపు. ఎక్కడ లెక్క తీసినా సిజేరియన్లలో పెద్ద వాటా సాధారణంగా ఈ అయిదో గుంపుదే అవుతుంది. మొదటి రెండు గుంపుల్లో ఇవాళ కోసిన ప్రతి పొట్టా రెండు మూడేళ్లకు అయిదో గుంపులో తేలుతుంది. కాబట్టి రెండో కాన్పు దగ్గర ఎంత మొత్తుకున్నా ఒరిగేది తక్కువ. తొలి కాన్పు దగ్గరే ఆపగలగాలి.

ఆపకపోవడానికి కారణాలు ఒకటీ రెండూ కావు. తొలి కాన్పు నొప్పులు గంటల తరబడి సాగుతాయి. గర్భాశయ ద్వారం గంటకో సెంటీమీటరు చొప్పున తెరుచుకోవాలన్న పాత కొలత అందరికీ వర్తించదనీ, అయిదు సెంటీమీటర్లు వచ్చాకే అసలు నొప్పులుగా లెక్కపెట్టాలనీ, తొలి కాన్పులో అక్కణ్నుంచి పన్నెండు గంటల దాకా పట్టొచ్చనీ 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలు చెప్పాయి. అన్ని గంటలు పక్కన కూర్చునే మనిషి మన లేబర్ రూముల్లో ఎవరు? ఉన్న ఒక్క నర్సు నాలుగు మంచాల మధ్య పరుగులు తీస్తుంటుంది. కాన్పు చేయించే మిడ్‌వైఫ్‌లను తయారుచేసే పనిని తెలంగాణ 2017లో మొదలుపెట్టింది. మంచి పని. ఆ తోవలో నడవాల్సినంత వేగంగా నడవలేదు. డాక్టరుకు భయం: ఏదైనా తేడా వస్తే బంధువులు అద్దాలు పగలగొడతారు. కోస్తే ఎవరూ ఏమీ అనరు, కోయకపోతేనే తంటా. అత్తింటివాళ్లకు తొందర. పుట్టింటివాళ్లకు గుబులు: పిల్ల అరుపులు వినలేక ‘కోసేయండమ్మా, ఎంతయినా పర్వాలేదు’ అనేది చాలాసార్లు కన్నతల్లే. వీళ్లందరి మీదా పంచాంగం. మఖ నక్షత్రం వద్దనీ, అమావాస్య వెళ్లాక పెట్టించమనీ ముహూర్తం రాయించుకుని ఆసుపత్రికొచ్చే కుటుంబాలు ఈనాటికీ ఉన్నాయి. ముప్ఫయ్ తొమ్మిది వారాలు నిండకముందే, కారణమేమీ లేకుండా బయటికి తీసిన బిడ్డకు ఊపిరి ఇబ్బందులు ఎక్కువ. ఆ బిడ్డ జాతకం గాజుపెట్టెలో మొదలవుతుంది.

ఇంకో చిక్కు మన ఆచారంలోనే ఉంది. తొలి కాన్పు పుట్టింటిది. ఏడో నెలలో శ్రీమంతం చేసి పిల్లను తీసుకెళతారు. ఆరేడు నెలలు చూపించుకున్న డాక్టరు అత్తగారి ఊళ్లో, కాన్పు చేసే డాక్టరు అమ్మగారి ఊళ్లో. స్కానింగులన్నీ ఒక ప్లాస్టిక్ కవరులో వస్తాయి, బీపీ ఎప్పుడు పెరిగిందో చెప్పగలిగే మనిషి రాదు. కొత్త డాక్టరు ఆ పిల్లను చూసేదే చివరి నెలల్లో. పరిచయం లేని చోట నమ్మకం కుదరదు, నమ్మకం లేని చోట ఓపిక ఉండదు. పుట్టింట కాన్పు మంచి ఆచారమే, తల్లి దగ్గర ఉన్నంత ధైర్యం ఎక్కడా రాదు. కాకపోతే పంపేటప్పుడు చీరె సారెతోపాటు మాతా శిశు సంరక్షణ కార్డునూ నింపి పంపాలి.

ఇప్పుడు సంతకం దగ్గరికి వద్దాం. లేబర్ రూములో ఒక అట్టకు క్లిప్పు పెట్టి నాలుగైదు కాగితాలుంటాయి. మత్తుమందుకు ఒకటి, కోతకు ఒకటి, రక్తం ఎక్కించడానికి ఒకటి. రెండో కాన్పయితే వాటి కిందనే పిల్లల ఆపరేషన్‌ది. పైకాగితం కొస మాత్రం ఎత్తి ‘ఇక్కడ... ఇక్కడ... ఇక్కడ కూడా’ అని పెన్ను మొన చూపిస్తారు. ఆ పిల్ల కుడిచేతికి సెలైన్ సూది గుచ్చి ఉంటుంది. ఎడమచేత్తో పెడుతుంది, వంకర టింకరగా. నొప్పి వచ్చినప్పుడు పెన్ను ఆగుతుంది, పోయాక మళ్లీ కదులుతుంది. చదవడానికి టైము ఇవ్వరు, ఇచ్చినా ఆ స్థితిలో ఎవరు చదువుతారు? చాలాచోట్ల అదీ ఉండదు, వరండాలో నిలబడ్డ భర్తను పిలిచి పెట్టించేస్తారు.

ఇక్కడ నిబంధనలు స్పష్టంగా ఉన్నాయి, జనానికే తెలియవు. కుటుంబ నియంత్రణ (కు.ని.) ఆపరేషన్‌కు కేంద్ర ప్రభుత్వం 2006లో విడుదల చేసిన ప్రమాణాల ప్రకారం స్త్రీకి 22 ఏళ్లు దాటి ఉండాలి. ఆరోగ్య కారణముంటే తప్ప, కనీసం ఒక బిడ్డకు ఏడాది నిండి ఉండాలి. సంతకం ఆపరేషన్ చేయించుకునే మనిషిదే, భర్త అంగీకారం అక్కర్లేదు. బలవంతం మీద గానీ, మత్తులో ఉండగా గానీ తీసుకున్న అంగీకారం అంగీకారం కాదు. ఇది శాశ్వతమనీ, వేరే పద్ధతులూ ఉన్నాయనీ, ఎప్పుడైనా మనసు మార్చుకోవచ్చనీ ఆమెకు అర్థమయ్యే భాషలో చెప్పాలి. మనసు మార్చుకున్నందుకు మిగతా వైద్యం ఆపకూడదు. ఈ ముక్కలు తెలుగులో పెద్దక్షరాలతో ప్రతి లేబర్ రూము తలుపు మీదా ఉండాలి. చాలా తలుపుల మీద ఉన్నది ‘చెప్పులు బయట విడువవలెను’.

ఆపరేషనే కదా, అరగంట పని అనుకునేవాళ్లు ఇబ్రహీంపట్నాన్ని మరిచిపోకూడదు. 2022 ఆగస్టు 25న రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నం ప్రభుత్వాసుపత్రిలో 34 మంది ఆడవాళ్లకు డీపీఎల్ (పొట్టకు రెండు చిన్న రంధ్రాలు పెట్టి చేసే లాపరోస్కోపీ) పద్ధతిలో కు.ని. ఆపరేషన్లు చేశారు. ఆ వారంలోనే నలుగురు ఇన్ఫెక్షన్‌తో చనిపోయారు. మిగిలిన 30 మందిని హుటాహుటిన హైదరాబాదు పెద్దాసుపత్రులకు తరలించారు. నలుగురూ చిన్నపిల్లల తల్లులు. జబ్బు చేసి ఆసుపత్రికి వెళ్లినవాళ్లు కాదు. 

అంతకు ఎనిమిదేళ్ల ముందు, 2014 నవంబరులో ఛత్తీస్‌గఢ్ బిలాస్‌పూర్ దగ్గర, వాడకంలో లేని ఒక ఆసుపత్రి భవనంలో 83 మందికి కొన్ని గంటల్లోనే ఆపరేషన్లు చేస్తే 13 మంది చనిపోయారు. ఒక సర్జన్ బృందం రోజుకు 30 మించి చేయకూడదన్న నియమం అప్పటికే కాగితం మీద ఉంది. దరిమిలా 2016లో దేవికా బిశ్వాస్ కేసులో సుప్రీంకోర్టు, శిబిరాలు పెట్టి ఆపరేషన్లు చేసే పద్ధతిని మూడేళ్లలో మానుకోవాలనీ, లక్ష్యాలు పెట్టి జనాన్ని తోలుకురావద్దనీ తీర్పు చెప్పింది. ఇబ్రహీంపట్నం ఆ గడువు దాటాక దాదాపు మూడేళ్లకు జరిగింది. ఒక్కరోజున, ఒక్కచోట 34 మంది ఎందుకు పోగయ్యారన్న ప్రశ్నకు పరికరాల స్టెరిలైజేషన్ సరిగ్గా చేయలేదన్న విచారణ నివేదిక జవాబు కాదు. అంతమందీ ఆ ఆపరేషన్‌నే ఎందుకు ఎంచుకున్నారు? వేరేది ఉందని వాళ్లకు తెలుసా?

తెలిసి ఉండే అవకాశం తక్కువే. పక్కనున్న ఆంధ్రప్రదేశ్ సర్వే లెక్క చూసినా ఆ సంగతి తెలుస్తుంది. ఆపరేషన్ 69.6 శాతం పోగా లూపు, మాత్రలు, నిరోధ్, ఇంజెక్షన్ లాంటివన్నీ కలిపి నూటికి ఒకరి చుట్టూనే. అంటే ఒక ఆడపిల్ల ముందున్నవి రెండే: కనడం, శాశ్వతంగా ఆపేయడం. మధ్యలో ఎడం పాటించే పద్ధతులు అన్న మాట ప్రభుత్వ గోడల మీద ఉంది, సంసారాల్లో లేదు. దాంతో తొలి కాన్పయిన ఏడాదికే మళ్లీ నెల తప్పుతుంది. కాన్పుకూ మళ్లీ గర్భానికీ మధ్య కనీసం రెండేళ్లు ఎడం కావాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. ఆపరేషన్ కుట్టు మానిందనుకునేలోపే రెండోది వస్తే, మామూలు కాన్పుకు ప్రయత్నించే అవకాశమూ తగ్గుతుంది. మొదటిది సిజేరియన్ అయినా, కోత గర్భాశయం కింది భాగంలో అడ్డంగా ఉండి, వేరే ఇబ్బంది లేకపోతే, రక్తమూ ఆపరేషన్ థియేటరూ సిద్ధంగా ఉన్న ఆసుపత్రిలో ప్రయత్నించిన వందమందిలో 60 నుంచి 80 మందికి రెండోది మామూలుగానే అవుతుంది. సిజేరియన్ మీద సిజేరియన్ జరిగిన కొద్దీ మాయ పాత కోతకు అతుక్కుపోయి, ప్రాణం మీదికి తెచ్చే రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. ఈ రెండు సంగతులూ తొలి కాన్పు డిశ్చార్జి రోజున చెప్పాల్సినవి. ఆ రోజు చెప్పేది టీకాల తేదీ, బిల్లు కట్టాల్సిన కౌంటరు.

కాన్పయిన పిల్లకు వెంటనే పనికొచ్చే పద్ధతులు ప్రభుత్వాసుపత్రిలో ఉచితంగానే ఉన్నాయి. కాన్పయిన 48 గంటల్లోపే కాపర్-టీ వేయించుకోవచ్చు, సిజేరియన్‌లోనైతే పొట్ట కుట్టేముందే వేస్తారు, వద్దనుకున్నప్పుడు తీసేస్తారు. 2017 నుంచి అంతర అనే ఇంజెక్షన్ ఉంది, మూడు నెలలకొకటి, పాలిచ్చే తల్లులకు ఆరు వారాల తర్వాత మొదలుపెడతారు. ఛాయ అనే మాత్ర హార్మోను లేనిది, మొదటి మూడు నెలలు వారానికి రెండు, ఆపైన వారానికొకటి. మాలా-ఎన్ లాంటి రెండు హార్మోన్ల మాత్రలు పాలిచ్చే తల్లులు ఆరు నెలలదాకా వాడకూడదు. మందుల షాపులో ఊరికే అడిగి తెచ్చుకునేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి. పాలిస్తున్నంతకాలం మళ్లీ నెల తప్పదన్న ధీమా మరీ ప్రమాదం. ఆరు నెలల్లోపు, రాత్రీ పగలూ తల్లిపాలే ఇస్తూ, ముట్టు ఇంకా మొదలుకాకుండా ఉంటేనే ఆ రక్షణ. ఈ మూడింటిలో ఒకటి తప్పినా లేదు. ముట్టు రాకముందే అండం విడుదలవుతుంది కాబట్టి ముట్టు కనబడకుండానే గర్భం వచ్చినవాళ్లు ప్రతి వాడలోనూ ఉంటారు.

మగవాళ్లకు ఒక మాట. కత్తి పెట్టకుండా, కుట్టు లేకుండా చేసే వేసెక్టమీ ఆడవాళ్ల ఆపరేషన్ కంటే తేలిక, ముప్పు తక్కువ. చేయించుకున్నాక మూడు నెలలు జాగ్రత్తపడి, పరీక్షలో వీర్యకణాలు లేవని తేలితే చాలు. పనిలో బలం తగ్గుతుందన్నది కట్టుకథ. దేశం మొత్తం మీద 0.3 శాతం ఉన్న వేసెక్టమీ తెలంగాణలో 2 శాతం ఉంది. ఆ రెండు శాతంలో ఉన్నవాళ్లు పొలాలు దున్నుతూనే ఉన్నారు, ట్రాక్టర్లు నడుపుతూనే ఉన్నారు. 1976 ఎమర్జెన్సీ రోజుల్లో మగవాళ్లను పట్టుకెళ్లి ఆపరేషన్లు చేయడం, ప్రభుత్వమే పడిపోవడానికి ఒక కారణమైంది. దాంతో పాలకులు నేర్చుకున్న పాఠం ఒకటే, మగవాళ్ల జోలికి వెళ్లొద్దని. ఆ బరువంతా ఆడవాళ్ల కడుపుల మీదికి వచ్చిపడింది. వాళ్లు ప్రభుత్వాన్ని పడగొట్టలేదు.

ఆపరేషన్ అయ్యాక కావాలంటే ట్యూబులు తిరిగి కలిపించుకోవచ్చులే అన్న భరోసా ఎవరైనా ఇస్తే నమ్మకండి. 2004 సునామీలో పిల్లలను పోగొట్టుకున్న, అప్పటికే ఆపరేషన్ అయిన తల్లులకు ట్యూబులు మళ్లీ అతికించే వైద్యాన్ని తమిళనాడు ప్రభుత్వం ఉచితంగా చేయించాల్సొచ్చింది. అది అందరికీ ఫలించే వైద్యం కాదు, అన్నిచోట్లా దొరికేదీ కాదు. ఇద్దరు పిల్లలు చాలన్నది సరైన నిర్ణయమే కావచ్చు. చంకబిడ్డకు పదిరోజులు కూడా నిండకముందే, నొప్పులూ మత్తూ మధ్య ఆ నిర్ణయం తీసుకోవాల్సిన అగత్యం మాత్రం లేదు.

ఇంతకీ తొలిసారి తల్లయిన పిల్ల తన అనుభవం గురించి ఏమంటుంది? అది తెలుసుకునే ప్రయత్నం మన దగ్గర నామమాత్రం. జాతీయ సర్వే వస్తుంది, శాతాలు ఇస్తుంది. ఆసుపత్రి నుంచి ఫోన్ వస్తుంది, ‘సేవలు బాగున్నాయా, బాగున్నాయంటే ఒకటి నొక్కండి’ అంటుంది. డిశ్చార్జి రోజున ఫారం పట్టుకుని ఎవరో వస్తారు, మంచానికి అటు అత్తగారు, ఇటు ఆశా కార్యకర్త. ‘ఎట్లా చూశారమ్మా?’ అంటే ‘మంచిగనే చూశిన్రు’ అంటుంది. ఇంకేమంటుంది? బిడ్డ ఇంకా వాళ్ల చేతుల్లోనే ఉంది, కుట్లు విప్పించుకోవడానికి మళ్లీ అక్కడికే రావాలి. నొప్పుల్లో అరిచినందుకు తొడ మీద పడిన దెబ్బ, ‘కడుపు తెచ్చుకున్నప్పుడు తెలీదా’ అన్న నర్సు మాట ఆ ఫారంలో ఎక్కవు. ఆ పిల్ల మనసులోంచి పోవు కూడా. రెండో కాన్పు అన్నమాట ఎత్తగానే ‘ఈసారి కోసేసి, అదీ కట్టించేసుకుంటా’ అని తనే ముందుకొస్తుంది. దాన్ని మన రికార్డులు స్వచ్ఛందంగా ఎంచుకున్నట్టు రాసుకుంటాయి. భయంతో ఎంచుకున్నదాన్ని ఇష్టంతో ఎంచుకున్నదాని కింద లెక్కకట్టే సర్వే, తప్పు విధానానికి సాక్ష్యం పలుకుతుంది.

కాబట్టి అడిగే తీరు మారాలి. రెండు రాష్ట్రాల వైద్య ఆరోగ్య శాఖలూ, మెడికల్ కాలేజీల కమ్యూనిటీ మెడిసిన్ విభాగాలూ, యూనివర్సిటీల స్త్రీ అధ్యయన కేంద్రాలూ కలిస్తే ఇది కష్టమేమీ కాదు. ఒకే తల్లిని మూడుసార్లు కలవాలి: ఏడో నెలలో ఒకసారి, కాన్పయిన ఆరువారాలకు ఒకసారి, బిడ్డ మొదటి పుట్టినరోజు వెళ్లాక ఒకసారి. అడిగే మనిషి ఆ ఆసుపత్రి ఉద్యోగి కాకూడదు. అత్తగారూ ఆడబిడ్డా లేని చోట కూర్చోవాలి. తండాలో లంబాడీలో, ఏజెన్సీలో కోయలో మాట్లాడగలగాలి. సంతృప్తి గురించి అడిగితే వచ్చేది మర్యాద. జరిగినదాని గురించి అడగాలి: నొప్పులప్పుడు నీ పక్కన ఎవరున్నారు? ఆపరేషన్ చేయాలని నీకు చెప్పిందెవరు, ఏమని చెప్పారు? ఆ కాగితంలో ఏముందో ఎవరైనా చదివి వినిపించారా? పిల్లల ఆపరేషన్ గురించి మొదటిసారి నీ దగ్గర మాట ఎత్తింది ఏ నెలలో? చెప్పనంటే చెప్పనక్కర్లేదని ఆమెకు ముందే చెప్పాలి. ఆమె పేరు ఏ అధికారికీ, ఏ బంధువుకూ పోకూడదు. బాధ తవ్వి తీసి అలాగే వదిలేసి వెళ్లకూడదు కూడా: కాన్పు తర్వాత దిగులు పట్టుకున్న పిల్లలు మన ఇళ్లలో కనబడేకంటే చాలా ఎక్కువమంది. పచ్చి బాలింత ఏడుస్తుంటే ‘దిష్టి తగిలింది’ అని ఎర్రనీళ్లు దిగదుడిచి ఊరుకుంటాం. పదిహేను రోజులు దాటినా ఆ ఏడుపు ఆగకపోతే, బిడ్డను చూడాలనిపించకపోతే, చచ్చిపోదామన్న ఊహ వస్తే అది జబ్బు, మందుంది. టెలీ మానస్ నంబరు 14416కి ఏ వేళనైనా ఫోన్ చేయొచ్చు.

ఈ అడగడం ఇప్పుడే ఎందుకంటే, పాలకుల మాట తిరగబడుతోంది. ముప్ఫయ్యేళ్లపాటు ఇద్దరు చాలన్నారు, మూడోది పుడితే సర్పంచ్‌గా నిలబడే అర్హత లేదన్నారు. 2024 నవంబరులో ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఆ నిబంధనను ఎత్తేసింది. ముసలివాళ్లు పెరిగిపోతున్నారు, ఇంకా కనండని ఇప్పుడు వేదికల మీద చెబుతున్నారు. నిబంధన పోవడం మంచిదే. కానీ కనొద్దన్నప్పుడూ ఆడవాళ్లను అడగలేదు, కనమన్నప్పుడూ అడగడం లేదు. నిన్న ఆపరేషన్ల లక్ష్యాలు రాసిన చేయి రేపు కాన్పుల లక్ష్యాలు రాయదన్న నమ్మకం ఏమిటి? లేబర్ రూములో సంతకం పెట్టే చేయి మాత్రం అప్పుడూ ఇప్పుడూ ఆ పిల్లదే.

ప్రభుత్వాలు ఎప్పుడు కదులుతాయో గానీ, నెలలు ఆగవు. మీ ఇంట్లో తొలి కాన్పు దగ్గరపడితే ఏడో నెల చెకప్‌లోనే డాక్టరును అడగండి: మామూలు కాన్పుకు ఇక్కడ ఎంతసేపు చూస్తారు, నొప్పులప్పుడు తోడుగా ఒక ఆడమనిషిని లోపలికి రానిస్తారా అని. కాన్పుకు తోడు ఉండొచ్చని కేంద్ర ప్రభుత్వం 2016లోనే ఉత్తర్వులిచ్చింది, ఆ మాట చెప్పి మరీ అడగండి. ‘పేగు మెడకు చుట్టుకుంది’, ‘ఉమ్మనీరు తగ్గింది’ అంటే గొడవకు దిగకండి. అవి కొన్నిసార్లు నిజంగానే ప్రాణగండాలు. బిడ్డ గుండె కొట్టుకోవడం ఎలా ఉంది, ఎంత తొందర ఉంది అని మాత్రం అడగండి. ఏ డాక్టరూ ఆ ప్రశ్నకు కోపగించుకోకూడదు. రెండో కాన్పయితే పిల్లల ఆపరేషన్ సంగతి ఇంట్లోనే, భార్యాభర్తలిద్దరూ, ఎనిమిదో నెల లోపే మాట్లాడుకోండి. తేలకపోతే కాన్పు రోజున వద్దని చెప్పండి. ఆరు వారాల తర్వాత ఎప్పుడైనా చేయించుకోవచ్చు, ఈలోపు కాపర్-టీ ఉంది, నిరోధ్ ఉంది. అత్తమ్మలూ, అమ్మలూ, మీ హయాంలో మిమ్మల్ని ఎవరూ అడగలేదని మీకు తెలుసు. మీ పిల్లను మీరే అడగండి.

కాన్పు తర్వాత గంటకో ప్యాడ్ తడిసిపోయేంత రక్తం పోతున్నా, భరించలేని తలనొప్పి, కళ్లు మసకలు, ఫిట్స్, ఆయాసం, చలిజ్వరం, దుర్వాసనతో మైల, ఒక కాలు పిక్క వాచి నొప్పి... వీటిలో ఏది కనబడినా పథ్యం, కషాయం అంటూ కూర్చోకండి. కు.ని. ఆపరేషన్ తర్వాత జ్వరం, కడుపుబ్బరం, వాంతులు, తగ్గని కడుపునొప్పి ఉంటే అది గ్యాసు కాదు, తెల్లారేదాకా ఆగకండి. ఆ రాత్రే 108కి ఫోన్ చేయండి.